నేను మూసిన వెంటిలేటర్లు

బాత్రూంలో పాత కబోర్డు ఊడదీసి కొత్తది బిగించడాన్ని వడ్రంగంలో ఒక పనిగా ఎవరూ లెక్కపెట్టరు. వాకిలి నిలబెట్టినవాడికి పేరు వస్తుంది. మంచం చేసినవాణ్ణి పదేళ్ల తర్వాత కూడా తలుచుకుంటారు. కబోర్డు బిగించినవాడు మధ్యాహ్నం భోజనం వేళకల్లా సామాను సర్దుకుని వెళ్లిపోతే అదే చాలు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ముప్పై తొమ్మిదేళ్లు పని చేస్తే, ఉలి నా చేతిలో నిలవని రోజు ఒక్కటే ఉంది. అది ఒక కబోర్డు వల్ల వచ్చింది.

ఇప్పుడు మోకాళ్లు సహకరించక పని మానేశాను. పని నేర్చుకుంటున్న కుర్రవాళ్లు అప్పుడప్పుడు వచ్చి కొలతలు అడిగి వెళ్తుంటారు. కొలతలు చెబుతాను. ఈ సంగతి మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పబోయి సగంలోనే మాట కొలతల మీదికి మళ్లించేస్తాను. రాయడంలో ఆ ఇబ్బంది లేదు.

నాకు డైరీ రాసే అలవాటు పని నేర్చుకున్న నాటి నుంచి ఉంది. ఏ ఇల్లు, ఏ గోడ, గోడ పొడవు, ఎత్తు, ఏ చెక్క, ఎన్ని స్క్రూలు, ఎన్నింటికి వెళ్లాను, ఎన్నింటికి వచ్చాను, ఇంటివాళ్లు ఏమన్నారు. అన్నీ రాసేవాణ్ణి. పదేళ్ల తర్వాత ఎవరైనా తలుపు వంగిందని పిలిస్తే ఆ తలుపు ఏ మానుదో ఇంట్లో కూర్చుని చెప్పగలిగేవాణ్ణి. దాని మీద నాకు కొంచెం గర్వం ఉండేదని ఒప్పుకుంటాను.

మాది బేతంచెర్ల. బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీల ఊరు. ఆ ఫ్యాక్టరీల నుంచి లేచే తెల్లటి దుమ్ము గాలి ఎటు వీస్తే అటు వెళ్తుంది. పొద్దున తుడిచిన అద్దం మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయవచ్చు. మా నీళ్లదీ ఆ సున్నపురాతి గుణమే. బకెట్ అంచుకు తెల్లగా గారకడుతుంది. కరెంటు గీజరు పెట్టుకుంటే ఏడాది తిరిగేసరికి లోపల కాయిల్ సుద్దముద్ద అయి కాలిపోతుంది. ఈ రెండు విషయాలూ మా ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. దుమ్ము నా పనిలోకి వచ్చింది. నీళ్లు మా ప్లంబర్ పనిలోకి వచ్చాయి. ఆ రెండూ ఒకే గదిలో కలుస్తాయని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

మా ఊరి బజారులో గుడ్డల కొట్టు నడిపే శెట్టిగారి ఇంట్లో బాత్రూం కబోర్డు మార్చాలని పిలిచారు. పాతది ప్లైవుడ్‌ది. అడుగుభాగం నీళ్లు తాగి ఉబ్బి, తడిసిన పుస్తకం అట్టలా పొరలుగా విడిపోయింది. శెట్టిగారి తల్లిని ఊళ్లో అందరం శెట్టెమ్మ అంటాం. ఆమె నన్ను బాత్రూంలోకి తీసుకుపోయి, పైన ఉన్న వెంటిలేటర్ చూపించింది. అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తు, ఏటవాలుగా మూడు అద్దపు పలకలు.

“ఆచారీ, కబోర్డు సంగతి అట్ల పెట్టు. మొదట దీన్ని చూడు. దీంట్లోంచే వస్తాది దుమ్మంతా. సబ్బు మీద దుమ్ము, టవల్ మీద దుమ్ము. దేవునికి పెట్టే చెంబు కడిగి బోర్లిస్తే దాని మీదా దుమ్మే.”

“గుడ్డ కట్టచ్చు కదమ్మా.”

“కట్టినా. నెలకోసారి ఆ గుడ్డ ఉతికేది ఎవరు, నువ్వొస్తావా?”

“కబోర్డు పైదాకా లేపితే వెంటిలేటర్ దాని వెనకాల పడిపోతాదమ్మా. చీకటైతాది మరి.”

“లైటుండాది కదప్పా. మూసెయ్.”

నేల నుంచి పైకప్పు దాకా, నీళ్లు తగిలినా ఉబ్బని పీవీసీ బోర్డుతో కబోర్డు చేశాను. వెంటిలేటర్ మీద వెనకబోర్డు అదిమి పెట్టి, నాలుగు అంచులా సిలికాన్ పట్టించాను. చీమ దూరే సందు కూడా లేదు. మరుసటి వారం శెట్టెమ్మ కనపడి, అద్దం మీద దుమ్ము లేదని చెప్పి, మజ్జిగ తాగితే కానీ కదలనివ్వలేదు. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: “వెంటిలేటర్ పూర్తిగా మూయబడింది. దుమ్ము రాదు. అమ్మకు సంతోషం.”

ఆ కబోర్డు చూసి పక్కింటివాళ్లు పిలిచారు. వాళ్లను చూసి ఇంకొకరు. ఊళ్లో దానికి దుమ్ము రాని కబోర్డు అని పేరు పడింది. రెండేళ్లలో తొమ్మిది ఇళ్లలో బిగించాను.

ఇక ప్లంబర్ సంగతి. అతను నాకంటే ఆరేళ్లు చిన్న. నన్ను ఆచారీ అనేవాడు, నేను అతన్ని భాయ్ అనేవాణ్ణి. ఇరవై ఏళ్లు ఒకే ఇళ్లలో పని చేశాం. అతను పగలగొట్టిన గోడకు నేను చెక్క కప్పేవాణ్ణి. నేను బిగించిన చెక్కకు అతను పైపు కోసం బొక్క పెట్టేవాడు. దానికి రోజూ తిట్టుకునేవాళ్లం. అతనికి కాగితం మీద రాయడమంటే గిట్టదు. నా డైరీ చూసినప్పుడల్లా, “ఏమాచారీ, పైన దేవుని దగ్గర కూడా రాసేవాళ్లుండారంట కదా, నువ్వేంటికి కష్టపడతావు” అనేవాడు.

శెట్టిగారి ఇంట్లో కరెంటు గీజరు మూడోసారి కాలిపోయినప్పుడు, అతను దాన్ని తీసేసి గ్యాసు గీజరు పెట్టాడు. గోడకు తగిలించే చిన్న డబ్బా. సిలిండర్ పెరట్లో ఉంటుంది. కుళాయి తిప్పితే లోపల మంట వెలిగి వేడినీళ్లు వస్తాయి. గ్యాసు పైపు నా కబోర్డు పక్క నుంచి రావాలి. అతను బొక్క పెడితే బోర్డు చిట్లుతుందని నన్నే పిలిపించాడు. వెళ్లాను. పైపు లావుకు సరిగ్గా సరిపోయే కన్నం తీసి, చుట్టూ మళ్లీ సిలికాన్ పట్టించాను. గీజరు వెలిగించి చూపించాడు. నీలంగా, ముచ్చటగా వెలిగింది మంట. ఆ మంట ముందు నిలబడి నేను చూసుకున్నది నా కన్నం గుండ్రంగా వచ్చిందా లేదా అని.

కొలతలడిగే పిల్లలూ, మన పనిలో వచ్చే చిక్కు ఇదే. మన చెక్క మనకు కనపడినంతగా గది కనపడదు. గోడలో సందు ఉంటే ఏ మేస్త్రీ అయినా దాన్ని ఊరికే వదిలిపెట్టడు. మూసేముందు అది ఎందుకు ఉందో నేను ఆ మేస్త్రీని అడగలేదు, నన్ను నేనూ అడగలేదు.

ఆ తర్వాత చలికాలంలో, ఆ కబోర్డు తలుపు ఒకటి కిందికి జారిందని శెట్టెమ్మ కబురు పెట్టింది. పొద్దున్నే వెళ్లాను. బాత్రూంలో ఆ ఇంటి కోడలు, శెట్టిగారి భార్య, స్నానం చేస్తోంది. ఆ అమ్మాయి ఒక ప్రైవేటు బళ్లో లెక్కల టీచరు. శెట్టిగారు అప్పటికే కొట్టుకు వెళ్లిపోయారు.

“కూర్చో ఆచారీ, తలస్నానం చేస్తాండాది. వస్తాది,” అని శెట్టెమ్మ నాకు స్టూలు వేసి వంటింట్లోకి పోయింది.

బాత్రూం తలుపుకు ఎదురుగా కూర్చున్నాను. లోపల నీళ్లు పడుతున్న చప్పుడు వినపడుతోంది. చేతిలో పని లేకపోతే నేను డైరీ తీస్తాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. “7.10 చేరాను. బాత్రూం ఖాళీ లేదు.” దాని కింద, “7.25. ఇంకా ఖాళీ కాలేదు. పొద్దు వృథా.”

వృథా అన్న మాట కింద గీత కూడా గీశాను.

మరికొంతసేపటికి శెట్టెమ్మ వచ్చి తలుపు తట్టింది.

“ఏమ్మా, బడికి టైమైతాంది. ఆచారి కూడా కాచుకోనుండాడు.”

పలకలేదు. నీళ్లు పడుతూనే ఉన్నాయి.

“నీళ్ల చప్పుడుకు ఇనపడల్యేమో,” అని నా వైపు చూసి మళ్లీ గట్టిగా తట్టింది. మూడోసారి అరచేతితో బాదింది. అప్పుడు నేను లేచాను. చెవి పెట్టి విన్నాను. స్నానం చేసే మనిషి ఉన్న చోట నీళ్ల చప్పుడు మారుతూ ఉంటుంది. చెంబు ముంచితే ఒకలా, ఒంటి మీద పోసుకుంటే ఒకలా. ఇది మారడం లేదు. నిండిన బకెట్ పొర్లి నేల మీద పడుతున్న ఒకే చప్పుడు.

“తలుపు పగలగొడతానమ్మా,” అన్నాను.

శెట్టెమ్మ లోపలికి పరుగెత్తి మంచం మీది దుప్పటి తెచ్చింది.

గడియ దగ్గర ఉలి ఆనించి రెండు దెబ్బలు వేస్తే తలుపు పలక పగిలింది. చెయ్యి దూర్చి గడియ తీశాను. ఆవిరి మొహానికి కొట్టింది. వేరే వాసనేమీ లేదు. ఆ అమ్మాయి కబోర్డుకు ఆనుకుని పక్కకు ఒరిగిపోయి ఉంది. నేను మొహం తిప్పుకున్నాను. శెట్టెమ్మ దుప్పటి కప్పి, లేపబోయి, తనే తూలింది. ఇద్దరం చెరోవైపు పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చాం. ఎండలో పడుకోబెట్టాం. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. జ్వరం వచ్చిన పిల్లలా ఉంది తప్ప, ప్రాణం మీదికి వచ్చిన మనిషిలా లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నేను మళ్లీ లోపలికి పోయి కుళాయి కట్టేశాను. ఆరిపోయేముందు చూశాను, గీజరులో మంట నీలంగా లేదు. పసుపుపచ్చగా, మసిగా ఎగురుతోంది.

ఆటోలో ఊళ్లో ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడున్న డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. ఆ అమ్మాయికి ఆక్సిజన్ పెట్టించి, కర్నూలుకు పంపడానికి అంబులెన్స్‌కు ఫోన్ చేసి, అప్పుడు మా వైపు తిరిగింది.

“బాత్రూంలో ఏ గీజరు?”

“గ్యాసుది,” అంది శెట్టెమ్మ.

“కిటికీ గానీ వెంటిలేటర్ గానీ ఉందా?”

శెట్టెమ్మ నా మొహం చూసింది. నేనే చెప్పాను. “ఉండాదమ్మా.”

“తెరిచి ఉందా?”

“మూసేసినాం.”

“ఎవరు మూశారు?”

“నేనే.”

ఆమె గొంతు పెంచలేదు. కాగితం మీద రాస్తూనే చెప్పింది. గాలి చాలకపోతే ఆ మంట విషవాయువు వదులుతుందట. దానికి రంగు ఉండదు, వాసన ఉండదు. మనిషికి కొంచెం తల బరువెక్కి నిద్ర వచ్చినట్టు ఉంటుందట, అరవాలని కూడా తోచదట. “ఇంకో పది నిమిషాలు ఆగి ఉంటే ఈమెను ఇక్కడికి తెచ్చే పని ఉండేది కాదు,” అంది.

నేను ఆ స్టూలు మీద కూర్చున్న సేపు లెక్క వేసుకున్నాను. పొద్దు వృథా అని రాసేటప్పటికి ఆ పిల్ల కింద పడిపోయి ఉంది. నాకూ ఆమెకూ మధ్య నాలుగడుగులు. ఆ తలుపు కూడా నేను బిగించిందే.

అంబులెన్స్ వచ్చేసరికి పదిన్నర దాటింది. ఎక్కేముందు శెట్టెమ్మ నా దగ్గరికి వచ్చింది. “మూయమన్నది నేనే కదాచారీ,” అంది.

“మూసిన చెయ్యి నాది కదమ్మా,” అన్నాను. ఆమె ఎక్కి కూర్చుంది.

అంబులెన్స్ వెళ్లిపోయాక డాక్టరమ్మ వరండాలోకి వచ్చి అడిగింది, “ఊళ్లో ఇలాంటి బాత్రూంలు ఇంకా ఉన్నాయా?”

అప్పటిదాకా నా బుర్ర ఒక్క ఇంటి దగ్గరే ఆగిపోయి ఉంది. ఆ మాటతో తొమ్మిదీ ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చాయి. “ఉండాయమ్మా,” అని వరండా దిగాను.

మాది ఫ్యాక్టరీల ఊరని చెప్పాను. పొద్దున స్నానం చేసేవాళ్లు సగం మందే. మిగతా సగం సాయంత్రం అయిదున్నర, ఆరు మధ్య తల నుంచి కాలి దాకా తెల్లగా ఇంటికి వచ్చి, ఆ దుమ్ము వదిలేదాకా వేడినీళ్లు పోసుకుంటారు. చలికాలమైతే మరీ ఎక్కువసేపు. అప్పటికి పదకొండు దాటింది. సాయంత్రం ఆరులోపు తొమ్మిది ఇళ్లు చూడాలి.

ప్లంబర్ ఒక కొత్త ఇంటి దగ్గర పైపులు కోస్తున్నాడు. చెప్పాను. పైపుల కుప్ప మీద కూర్చుండిపోయాడు.

“బతికిందా?”

“కర్నూలుకు తీస్కపోయినారు.”

చేతిలోని రంపం కింద పెట్టాడు. “ఆడ వెంటిలేటర్ ఉండేదా ఆచారీ? నేను గోడ అనుకున్యా.”

“నాకు తెలుసు భాయ్. కన్నం పెట్టిన పొద్దు కూడా నాకు తెలుసు. గుర్తుకు రాలేదు, అంతే.”

డైరీ తీసి తొమ్మిది ఇళ్లూ చదివాను. అతనికి ఇంటిపేర్లు పట్టవు. ఇంటికో గుర్తు ఉంటుంది. “కుక్కుండే ఇల్లు, దాంట్లో పెట్టినా. మెట్లకింద బాత్రూం, దాంట్లో కూడా పెట్టినా. మోటరు కాలిపోయినాయన ఇల్లా, ల్యా, వాళ్లది కరెంటుదే.” అలా చూస్తే శెట్టిగారిది కాక ఇంకా నాలుగు ఇళ్లలో గ్యాసు గీజర్లు తేలాయి. మిగతా నాలుగు ఇళ్లకు ఫోన్ చేసి ఒకటికి రెండుసార్లు అడిగాను. వాళ్లవి కరెంటువే. ఈ నాలుగు ఇళ్లకూ ఫోన్ చేస్తే ఒకరు ఎత్తలేదు, ఒకరు నవ్వారు. ఇక ఫోన్లతో కాదని అతని మోపెడ్ మీద బయలుదేరి, దారిలోనే శెట్టిగారి పెరట్లో సిలిండర్ కట్టేశాం. నేను రంపం, ఉలి పట్టుకున్నాను. అతను పానాల సంచి తగిలించుకున్నాడు.

మొదటిది రైల్వేలో రిటైరైనాయన ఇల్లు. సంగతి సగం వినేసరికే ఆయనే నిచ్చెన తెచ్చి వేశాడు. ప్లంబర్ సిలిండర్ కట్టేసి గీజరు గోడ నుంచి దించాడు. నేను వెనకబోర్డు చదరంగా కోసి తీసేసరికి వెంటిలేటర్ అద్దాల మధ్య నుంచి వెలుతురు నా మొహం మీద పడింది. ఎండలో పనిచేసినవాణ్ణే, ఎందుకో కళ్లు మూసుకున్నాను.

రెండోది కుక్క ఉన్న ఇల్లు. ఇంటాయనకు పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. భోజనానికి ఇంటికొచ్చి ఉన్నాడు. వాకిట్లోనే ఆపేశాడు.

“దుమ్ము రాకుండా మూస్తానని అప్పుడు దుడ్లు తీస్కున్యావు. ఇప్పుడు గాలి రావల్లని కోస్తానంటాండావు. ఇంకొన్నాళ్లకు వాన రావల్లని మిద్దె కూడా తీస్తావా ఆచారీ?”

“అన్నా, శెట్టిగారి ఇంట్లో పొద్దున...”

“ఇన్యా. ఆ పిల్లకు ముందే ఏదో నీరసముండాదంట. మేం ఏడాదిగా పోస్కుంటాండాం. ఎవరికేమైంది?”

నేను బతిమాలుతూ ఉండగానే ప్లంబర్ ఇంటి పక్కగా పెరట్లోకి పోయి, సిలిండర్ మీది రెగ్యులేటర్ ఊడదీసి సంచిలో వేసుకుని వచ్చాడు.

“యాడికి తీస్కపోతాండావు దాన్ని?”

“మా ఇంటికి. కావల్లంటే పోలీసులను పిలువు. వాళ్లొచ్చేలోపల మీ ఇంట్లో ఎవరూ నీళ్లు పోస్కోరు కదా, అది చాలు నాకు.”

గొడవ పెద్దదయ్యేలా ఉంది. అంతలో ఇంటావిడ చెయ్యి కడుక్కుంటూ లోపలి నుంచి వచ్చి, భర్తను చూసి నిదానంగా అంది. “మొన్న నీళ్లు పోస్కోని బయటికొస్తానే కండ్లు తిరిగి పడబోయినా. అంతకు ముందు శుక్రవారం కూడా. నువ్వు రక్తం తక్కువుందని మాత్రలు తెచ్చిస్తివి.”

ఆయన ఆమె వైపు చూశాడు. కుక్క మొరుగుతూనే ఉంది. ఆయన దాన్ని కట్టేసి వచ్చి, నేను కోసినంతసేపూ నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. ఉలి నా చేతిలో నిలవనిది అక్కడే. రెండుసార్లు జారింది. మిగతా బోర్డు ఆయనే చేత్తో విరిచి లాగాడు.

మూడో ఇంటికి తాళం. పెళ్లికి కడపకు పోయారని, పొద్దుపోయాక వస్తారని పక్కింటామె చెప్పింది. సిలిండర్ ఇంటి వెనక ప్రహరీ లోపల ఉంది. ప్లంబర్ గోడ ఎక్కాడు.

“ఏయ్, పట్టపగలే గోడ దూకుతాండారే,” అని పక్కింటామె అందుకుంది.

“దొంగలైతే నిన్నడిగి దూకుతారా అక్కా,” అన్నాడు అతను గోడ మీది నుంచి. రెగ్యులేటర్ తెచ్చేశాడు. ఎందుకు తీశామో నేను డైరీలోంచి కాగితం చించి రాసి తలుపు సందులో పెట్టాను. నా డైరీలోంచి కాగితం చించడం అదే మొదలు, అదే ఆఖరు.

నాలుగో ఇల్లు, మెట్ల కింద బాత్రూం ఉన్నది, కష్టం లేకుండా అయిపోయింది. ఆ ఇంట్లో పని చేస్తుండగానే శెట్టిగారు కర్నూలు నుంచి ఫోన్ చేశారు. భార్య కళ్లు తెరిచిందట. బళ్లో పరీక్ష ఉంది, ఎవరికైనా చెప్పారా అని అడిగిందట. ఆయన గొంతులో ఏడుపు ఉంది. నేను సరేనండి, సరేనండి అని మాత్రమే అనగలిగాను. ఆ అమ్మాయికి ఆ తర్వాత నెలల తరబడి తలనొప్పి ఉండేది. ఇప్పుడు బాగుంది. కనపడితే పలకరిస్తుంది. నేనే సరిగ్గా మొహం చూడలేను.

బయటికి వచ్చి మోపెడ్ పక్కన నిలబడి డైరీ తీశాను. తొమ్మిది ఇళ్ల ఎదురుగా తొమ్మిది టిక్కులు పెట్టాను. అయిదు ముప్పై అయిదు అయింది. ఫ్యాక్టరీల నుంచి మనుషులు తెల్లగా ఇళ్లకు నడుస్తున్నారు. పొద్దుటి నుంచి మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.

“అయిపోయింది భాయ్. తొమ్మిదీ అయిపోయినాయి.”

అతను వేళ్లు ముడుస్తున్నాడు. ముడిచి, విప్పి, మళ్లీ మొదటి నుంచి ముడిచాడు.

“నువ్వు వెంటిలేటర్ మూసి, నేను గ్యాసుది పెట్టిన ఇండ్లు ఎన్ని?”

“అయిదు. శెట్టిగారిది కలుపుకోని.”

“నాకు ఆరొస్తాండాయి.”

“అయిదే. ఇదో, చూడు.” డైరీ చూపించాను.

“దాంట్లో ఉండదులే ఆచారీ,” అన్నాడు. “ఆరోది నీ ఇల్లు.”

నా డైరీలో ఉండేవి పరాయివాళ్ల ఇళ్ల పనులు. శెట్టిగారి ఇంట్లో మిగిలిన బోర్డు ముక్కలతో ఒక ఆదివారం మా బాత్రూంలో కూడా అలాంటి కబోర్డే కొట్టుకున్నాను. ఎక్కడో తీసేసిన గీజరు బాగుచేసి అతనే తెచ్చి ఊరికే బిగించి పోయాడు. అడిగినవాడు లేడు, కొలత రాసింది లేదు. ముప్పై ఏళ్లుగా ప్రతి స్క్రూ రాసుకున్న నాకు నా ఇల్లు గుర్తు రాలేదు.

మా ఇంటావిడ దీపం పెట్టేముందు స్నానం చేస్తుంది. రోజూ అదే వేళకు.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. అతను మోపెడ్ అప్పటికే స్టార్ట్ చేశాడు. రంపం, ఉలి ఆ ఇంటి మెట్ల మీదే మరిచిపోయి ఎక్కాను. రైల్వే గేటు పడి ఉంటే అతను కింది నుంచి మోపెడ్ వంచి దాటించాడు. వెనక ఎవరో తిట్టారు. ఆ దారంతా నేను ఏం ఆలోచించానో నాకు తెలియదు. పొద్దుట శెట్టెమ్మ దుప్పటి కోసం పరుగెత్తింది గదా, మా ఇంట్లో దుప్పట్లు ఎక్కడుంటాయి అని మాత్రం అనుకున్నట్టు గుర్తు.

వాకిలి దగ్గరికి వేసి ఉంది. బాత్రూం తలుపు మూసి ఉంది. లోపల నీళ్లు పడుతున్నాయి.

“ఏమే,” అని పిలిచాను.

పలకలేదు.

“ఏమే, తలుపు తియ్.”

నీళ్ల చప్పుడు మారడం లేదు. చేతిలో ఉలి లేదు. రెండు అరచేతులతో తలుపు బాదాను. ప్లంబర్ సిలిండర్ కోసం పెరట్లోకి పరుగెత్తాడు. నేను భుజం ఆనించి తలుపును తోస్తుండగా నీళ్లు ఆగాయి.

“ఏంది? ఇల్లేమన్నా కాలిపోతాందా?”

“బయటికి రా. గీజరు కట్టేసి ముందు బయటికి రా,” అన్నాను.

“ఏం గీజరు? గీజరు సిలిండరయిపోయి మూడు దినాలాయ. రోజూ చెప్తాండా తెమ్మని. ఇన్యావా? ఊళ్లోవాళ్ల ఇండ్లల్లో ఎన్ని మేకులు కొట్టింది రాస్కుంటావు, ఇంట్లో పెండ్లాం చెప్పింది రాస్కోను నీకు కాగితం లేదు. చన్నీళ్లు పోస్కోని చలికి సచ్చిపోతాండా ఈడ. నేను సచ్చినా మూడు దినాలకు గానీ తెలీదు నీకు.”

ప్లంబర్ పెరట్లోంచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఖాళీ సిలిండర్‌ను కదిపి చూసి వచ్చినట్టున్నాడు. చెప్పబోయి, లోపలి మాటలు విని ఆగిపోయాడు. ఆమె ఆపలేదు. సిలిండర్ నుంచి మొదలుపెట్టి, బాగుచేయించని మిక్సీ దగ్గరికి, అక్కడి నుంచి మా అమ్మ దగ్గరికి, మా పెళ్లిలో మావాళ్లు చేసిన మర్యాదల దగ్గరికి పోయింది. మామూలుగా అయితే నేను రెండో మాటకే ఎదురు చెప్పేవాణ్ణి. ఆ రోజు ప్లంబరూ నేనూ ఆ మూసిన తలుపు ముందు కదలకుండా నిలబడి, ఆమె తిట్టినంతసేపూ విన్నాం.